బోరింగు అంటే నీళ్లు కొట్టేది

మొన్న ఉగాది సంబరాల్లో పిల్లల పోటీలకి ఉన్నవాళ్లకి జరిగింది గుర్తుండే ఉంటుంది. పులిహోర లైనులో ముందు చోటు కోసం బయటికెళ్లినవాళ్ల కోసం చెబుతున్నాను. పద్యాల పోటీ అయ్యాక 'ఒక మాట, ఎన్ని అర్థాలు' అని కొత్తది పెట్టారు. డబ్బాలోంచి చిట్టీ తీయాలి, అందులో ఇంగ్లీషు మాట ఉంటుంది, దాని అర్థాలు తెలుగులో చెప్పాలి. అర్థానికి రెండు మార్కులు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో 'సెట్' అనే క్రియ ఒక్కదానికే 430 అర్థాలున్నాయని జడ్జిగారు చెబితే అందరం నోళ్లు తెరిచాం.

మా పాపకి 'బోర్' వచ్చింది. తొమ్మిదేళ్లది, బాగానే చెప్పింది. విసుగు పుట్టించడం. తొలచడం. మోసింది, భరించింది. నదిలోకి ఎదురెక్కే సముద్రపు పోటు. తుపాకీ గొట్టం లోపలి వెడల్పు. ఆ తర్వాత, "మా జేజి వాళ్ల ఊళ్లో బోరు అంటే చేలో నీళ్లు. బోరింగు అంటే వీధిలో చేత్తో కొట్టేది" అంది.

"అది స్లాంగు, లెక్కలోకి రాదమ్మా" అన్నారు జడ్జిగారు. మైకు పట్టుకున్న తమ్ముడు ఊరుకోలేదు. "పాప మనకి బోరింగు కొట్టేస్తోంది!" హాలంతా నవ్వింది. రెండో వరసలో కూర్చున్న మా అమ్మ కూడా నవ్వింది. తన ఊరి మాట స్టేజీ ఎక్కిందని ఆమె సంబరం. నాకు మాత్రం ఆ పూట పులిహోర సయించలేదు.

జడ్జిగారి మీద నాకు కోపం లేదు. కొంచెం ఉంది. పన్నెండు బోరు తుపాకీ అంటే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయని. ఇలాంటి లెక్కకి మార్కులేసి, నీళ్లకి కొట్టేశారు. పైగా ఇంగ్లీషులో ఆ మాటకి పాత అర్థం తొలచడమే. విసుగు అనేది 18వ శతాబ్దంలో వచ్చి చేరింది. ఆ లెక్కన స్లాంగు ఎవరిది?

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడే జిల్లా. మా వైపు పిల్లనిచ్చే ముందు పిల్లోడి చదువు సంగతి తర్వాత, బోర్లో నీళ్లెన్ని ఇంచులని ముందు అడిగిన రోజులున్నాయి.

2002లో శెనక్కాయ చేలు మాడిపోయాక నాయన ఐదో బోరుకి సిద్ధపడ్డాడు. మొదటి నాలుగూ ఏమయ్యాయో చెప్పక్కర్లేదు. నీళ్లు చూసే ఆయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు. గట్టు దగ్గర టెంకాయ లేచి నిలబడింది. నేనప్పుడు ఇంజనీరింగు రెండో ఏడు. నవ్వొచ్చింది, నాయన మొహం చూసి ఆపుకున్నాను. రాత్రి పదికి బోరు బండి వచ్చింది, తిరుచెంగోడు వాళ్లది. ఆ తమిళ పిల్లోళ్లందరికీ అమ్మ సంగటి, ఊరిబిండి చేసింది.

నూరడుగులకి తెల్ల పొడి. రెండు నూర్లకీ పొడే. 280 దగ్గర పొడి తడిసి ముద్దగా వచ్చింది. నాయన దాన్ని పిడికిట్లో పట్టుకుని చీకట్లో పరిగెత్తుకొచ్చి అమ్మకి చూపించాడు. 350కి మళ్లీ పొడి. అమ్మ కమ్మలు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. "ఇంగో యాభై ఎయ్యనీ" అన్నాడు నాయన. 420 దగ్గర బండివాళ్లు రాడ్లు పైకి లాగేశారు. తెల్లారి చూసుకుంటే ఆ పొడికి ముగ్గురి తలలూ నెరిసినట్టున్నాయి. అప్పటిదాకా గమ్మునున్న అమ్మ, గిన్నెలు కడగడానికి కూర్చుని బోరున ఏడ్చింది.

బోరున అనేది మన మాటే. ఇంగ్లీషు బోరుకీ దానికీ చుట్టరికం లేదు, పోటీలో చెబితే తప్పే. కానీ ఆ రెండు మాటల్నీ విడదీసి వినడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఊరిని వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. పక్క చేనాయన మూడు నూర్లు వేస్తే మనం నాలుగు నూర్లు వేయాలనేది కరువు కాదు, పౌరుషం. బోరుకి పర్మిషన్ ఉండాలని వాల్టా చట్టం వచ్చిందీ అదే 2002లోనే. మా ఊళ్లో దాన్ని లెక్కపెట్టినవాణ్ని నేను చూడలేదు, మా నాయనతో సహా. ఎండిన గుంతల మీద మేం బండరాయి పెట్టి ఊరుకున్నాం, అదీ తప్పే. అయినా ఆ తడి ముద్ద చేతిలో పట్టుకుని వచ్చిన మనిషిని తిట్టడానికి నాకు నోరు రాదు.

పోటీకి ఒక నిఘంటువు, ఒక కట్టుబాటు ఉండాలన్న మాట నిజమే. లేకపోతే ప్రతి నాన్నా తన ఊరి మాటతో జడ్జి మీదికి వస్తాడు, నాలాగే. కానీ మన పాప ఆ మాట ఎక్కడ నేర్చుకుందో చూడండి. ఒక శనివారం మధ్యాహ్నం "జేజీ, బోరింగ్‌గా ఉంది" అని మూలిగితే, అమ్మ టీవీ ముందు నుంచి లేచి, "యాడుందే బోరింగు? బిందె తీసుకోని నేనూ వస్తా" అంది. ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ సోఫా దిండుని పంపు చేసి నీళ్లు కొట్టారు. తెలుగు బడికి రెండేళ్లు ఫీజు కట్టినా పాప ఇన్ని ప్రశ్నలు వేయగా నేను చూడలేదు.

అందుకని కమిటీకి నా మనవి. వచ్చే ఉగాదికి ఈ పోటీ తీసేయకండి, ఒక్క రూలు మార్చండి. పిల్లలు అవ్వా తాతల దగ్గర నేర్చుకున్న అర్థం చెప్పి, అదెక్కడిదో ఊరి పేరుతో సహా చెప్పగలిగితే రెండు మార్కులు వేయండి. జడ్జీలు దొరకడం లేదని ప్రతి ఏడూ మొత్తుకుంటారు కదా, నా పేరు రాసుకోండి. అమ్మ అప్పటికి మళ్లీ వస్తుంది, పక్కన ఆమెకీ ఒక కుర్చీ వేయించండి. మైకు తమ్ముడికి కూడా సంగటి మా ఇంట్లోనే.