హెడ్డాఫీసు వచ్చింది, కాపురం రాలేదు

ఈ మధ్య మన రాష్ట్రంలో కంపెనీల రాకను క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెప్పుకుంటున్నాం. విశాఖలో టీసీఎస్‌కు 21 ఎకరాల పైచిలుకు భూమి 99 పైసలకు ఇచ్చారు. కాగ్నిజెంట్‌కూ దాదాపు అంతే భూమి, అదే ధర. బెంగళూరు రోడ్ల గుంతల మీద ఓ కంపెనీ అధిపతి విసుక్కుంటే, మంత్రి లోకేశ్ వెంటనే విశాఖ వచ్చేయమన్నారు. బెంగళూరు పక్కనున్న దేవనహళ్లిలో భూసేకరణ ఆగిందని తెలియగానే ఏరోస్పేస్ కంపెనీలకు కబురు వెళ్లింది. గూగుల్ డేటా సెంటర్ ప్రకటన తర్వాత కర్ణాటక మంత్రులకూ మనవాళ్లకూ సోషల్ మీడియాలో మాటకు మాట నడిచింది. చూడ్డానికి సరదాగానే ఉంది. కానీ ఈ ఆటలో విజయవాడ, గుంటూరు ఎక్కడున్నాయి? ఐటీ విశాఖ పోయింది. ప్రభుత్వం అమరావతిలో కూర్చుంది. ఈ రెండు ఊళ్లకూ దక్కింది పెరిగిన అద్దెలు, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్, ఇంకా బోలెడు ఆశ.

అసలు హెడ్డాఫీసు తరలి రావడమంటే ఏమిటో బెజవాడకు ఎవరూ చెప్పక్కర్లేదు. దేశంలో ఈ మధ్యకాలంలో జరిగిన అతి పెద్ద ఆఫీసు తరలింపుల్లో ఒకటి ఇక్కడికే జరిగింది. 2016లో సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి వచ్చింది. శాఖాధిపతుల కార్యాలయాలు విజయవాడ, గుంటూరు, మంగళగిరి, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం అంటూ ఎక్కడ జాగా దొరికితే అక్కడ అద్దెకు దిగాయి. ఉద్యోగులు రావడానికి ఇవ్వగలిగినవన్నీ ఇచ్చారు. వారానికి ఐదు రోజుల పని. హైదరాబాద్‌లో వచ్చే 30 శాతం ఇంటి అద్దె భత్యం. కొందరికి ఉచిత వసతి, అది కూడా ఏటేటా పొడిగింపు. వాళ్ల కోసమే విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కు ఇంటర్‌సిటీ రైలు.

ఆ రైలే అసలు సంగతి చెప్పింది. శుక్రవారం సాయంత్రమయ్యేసరికి భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో వారం రోజుల మాసిన బట్టల సంచితో విజయవాడ స్టేషన్‌లో ఓ ప్రభుత్వ శాఖ మొత్తం కనిపించేది. సోమవారం పొద్దున మళ్లీ అదే గుంపు దిగేది. ఆఫీసు వచ్చింది, కాపురం రాలేదు. ఎందుకు వస్తుంది? ఇల్లు అక్కడ, ఇంటి లోను ఈఎంఐ అక్కడ, భార్యదో భర్తదో ఉద్యోగం అక్కడ. పిల్లాడు పదో తరగతిలో ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఆపైన స్థానికత టెన్షన్. తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఆంధ్రాలో కాలేజీ సీట్లకు స్థానికులవుతారా, కాదా? 2014 జూన్ 2 నుంచి మూడేళ్లలోపు వస్తే స్థానికులే అన్నారు. తర్వాత ఆ గడువును పెంచుకుంటూ పోయారు. ఇంత చేశాక 2019లో రాజధాని పనులు ఆగిపోయాయి, ఆ తర్వాత మూడు రాజధానులన్నారు. మనసు గట్టి చేసుకుని తాడేపల్లిలోనో కానూరులోనో ఫ్లాటు కొన్నవాళ్లు తెల్లమొహం వేశారు. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టేదాకా ఆ అనుమానం పూర్తిగా పోలేదు.

ఉద్యోగి జీతం ఇక్కడ పడుతుంది, ఖర్చు అక్కడ అవుతుంది. వారాంతం కిరాణా, పిల్లల ఫీజులు, డాక్టరు, సినిమా అన్నీ హైదరాబాద్‌కే. మనకు మిగిలేది నాలుగు రోజుల కర్రీ పాయింట్ బేరం. కంపెనీల విషయంలోనూ మనం వెయ్యాల్సిన లెక్క ఇదే. ఎన్ని వేల ఉద్యోగాలని కాదు, ఎన్ని వేల కాపురాలని అడగాలి.

మన దగ్గర పుట్టినవి బయటికి పోవడం మాత్రం కొత్త కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు హెడ్డాఫీసు హైదరాబాద్ చేరింది. 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిశాక ఆ కుర్చీ ముంబై పోయింది. 1960లో బెజవాడలో మొదలైన ఆంధ్రజ్యోతి కూడా తర్వాత హైదరాబాద్ పత్రిక అయింది. ఇంటర్ కోచింగ్‌ను పరిశ్రమ చేసింది ఈ ఊరే, ఆ సంస్థలూ ఎదిగాక హైదరాబాద్ దారే పట్టాయి. వీటిలో దేన్నీ హైదరాబాద్ ఎకరాకు పైసలు లెక్కగట్టి గుంజుకోలేదు. రాజధాని అక్కడ ఉంది, విమానం అక్కడ ఉంది, ఫైలు మీద సంతకం పెట్టేవాడు అక్కడ ఉన్నాడు. అంతే.

ఎర చూపి తెచ్చుకున్న హెడ్డాఫీసు ఏమవుతుందో చూడాలంటే బోయింగ్ కథ చాలు. 2001లో ఆ విమాన కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని సియాటిల్ నుంచి షికాగోకు మార్చింది. షికాగో, ఇల్లినాయ్ రాష్ట్రం కలిసి 20 ఏళ్లపాటు 6 కోట్ల డాలర్లకు పైగా రాయితీలు ఇచ్చాయి. వచ్చింది సుమారు 500 ఉద్యోగాలు. విమానాలు తయారయ్యే ఫ్యాక్టరీలు సియాటిల్ చుట్టుపక్కలే ఉండిపోయాయి. రాయితీల గడువు 2021లో ముగిసింది. 2022లో బోయింగ్ వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్‌టన్‌కు వెళ్తున్నామని ప్రకటించింది. అద్దె ఒప్పందం అయిపోయింది, అద్దెకున్నవాడు ఖాళీ చేశాడు.

క్రీడా సంస్థలూ ఇదే బాపతు. ప్రపంచ క్రికెట్‌ను నడిపే ఐసీసీ దాదాపు శతాబ్దం లండన్‌లోని లార్డ్స్‌లో ఉంది. బ్రిటన్ పన్ను మినహాయింపు ఇవ్వనంటే 2005లో దుబాయ్ వెళ్లిపోయింది. దుబాయ్‌కి పన్ను లేకపోవడం ఒక్కటే బలం కాదు. ఇండియా, పాకిస్థాన్ రెండూ అభ్యంతరం చెప్పని గడ్డ అది, చాలా దేశాల నుంచి నేరుగా విమానం ఉంది. అందుకే పాకిస్థాన్ ఆతిథ్యమిచ్చిన 2025 చాంపియన్స్ ట్రోఫీలో ఇండియా మ్యాచ్‌లు దుబాయ్‌లో జరిగాయి. మన దగ్గర స్పోర్ట్స్ సిటీ గురించి మాట్లాడేవాళ్లు దుబాయ్ పేరు ఊరికే వాడేస్తుంటారు. గన్నవరం నుంచి దుబాయ్‌కి రోజూ ఎన్ని విమానాలు ఎగురుతున్నాయో చూసి మాట్లాడితే బాగుండేది.

మనకు పనికొచ్చే పాఠం అమెరికాలోని ఇండియానాపొలిస్‌ది. అదేమీ పేరు మోసిన మహానగరం కాదు. 1979లో ఇండియానా స్పోర్ట్స్ కార్పొరేషన్ అని ఒక సంస్థ పెట్టుకున్నారు. ఊరి ఔషధ కంపెనీ లిల్లీ కుటుంబపు ట్రస్టు డబ్బు తోడైంది. ముందు ఈత కొలను, ట్రాక్, వెలోడ్రోమ్ కట్టారు. 1982లో జాతీయ క్రీడోత్సవం, 1987లో పాన్ అమెరికన్ క్రీడలు నడిపి చూపించారు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 1999లో తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మార్చుకుంది. ఆఖర్లో దానికీ రాయితీలిచ్చారు, కాదనను. కానీ ముందు ఇరవై ఏళ్లు ఆటలు నడిపారు, తర్వాతే ఆఫీసు అడిగారు. మనం ఆఫీసు ముందు అడుగుతున్నాం.

క్రికెట్టే తీసుకోండి. 2002 నవంబరు 24న విజయవాడ ఇందిరా గాంధీ మున్సిపల్ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే జరిగింది. మార్లన్ శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, మనం చిత్తుగా ఓడాం. పురుషుల అంతర్జాతీయ మ్యాచ్ ఈ ఊరికి మళ్లీ రాలేదు. విశాఖలో కొత్త స్టేడియం లేచింది, 2005లో ధోనీ అక్కడ 148 కొట్టాడు, ఆ పేరు అక్కడే స్థిరపడింది. 2016లో మూలపాడు మైదానంలో మహిళల వన్డేలు, టీ20లు జరిగాయన్నది ఇక్కడే చాలామందికి గుర్తులేదు. మంగళగిరి పక్కన నవులూరులో మొదలుపెట్టిన స్టేడియం ఏళ్ల తరబడి అసంపూర్తిగా పడి ఉంది. ఇప్పుడు అమరావతిలో లక్షా పాతికవేల సీట్ల స్టేడియం అంటున్నారు. చేతిలో ఉన్నదానికి పైకప్పు వేసి మాట్లాడితే నమ్మబుద్ధేస్తుంది.

విలువిద్య దగ్గర మాత్రం కథ వేరు. ఇక్కడ సరుకుంది. చెరుకూరి సత్యనారాయణ నడిపిన వోల్గా ఆర్చరీ అకాడమీ ఈ ఊరిదే. 2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ బెజవాడ అమ్మాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్‌దీ ఈ ఊరే. సురేఖ ఆడే కాంపౌండ్ విభాగం (చివర్లలో చక్రాలుండే విల్లుతో ఆడేది) ఇన్నాళ్లూ ఒలింపిక్స్‌లో లేదు. 2028 లాస్ ఏంజెలిస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్‌ను చేర్చారు. దేశంలో కాంపౌండ్ శిక్షణ కేంద్రం పెట్టాలంటే బెజవాడ కన్నా న్యాయమైన చోటు చూపించమనండి. లక్ష సీట్లు అక్కర్లేదు. యాభై, డెబ్భై మీటర్ల చదును నేల, టార్గెట్లు, గాలిని సూచించే జెండాలు, కోచ్‌లకు ఇళ్లు, పిల్లలకు హాస్టల్ ఉంటే చాలు. ఒడిశా హాకీతో చేసింది ఇదే. సుందర్‌గఢ్ జిల్లా పిల్లలు తరాలుగా హాకీ ఆడుతున్నారు. 2018లో ప్రభుత్వం జాతీయ జట్టుకు స్పాన్సర్ అయింది, రెండు ప్రపంచ కప్‌లు జరిపింది. హాకీ ఇండియా ఆఫీసు ఇప్పటికీ ఢిల్లీలోనే ఉంది. అయినా హాకీ అనగానే అందరికీ భువనేశ్వర్, రూర్కెలా గుర్తొస్తాయి.

గుంటూరు విషయానికొస్తే ఆ ఊరికి సొంత అనుభవమే ఉంది. పొగాకు బోర్డు 1976లో ఏర్పడినప్పుడు ప్రధాన కార్యాలయం ఢిల్లీలో పెట్టలేదు, గుంటూరులో పెట్టారు. వర్జీనియా పొగాకు వ్యాపారం, కంపెనీల కొనుగోలు ఆఫీసులు, ఎగుమతిదారులు అప్పటికే అక్కడ ఉన్నారు కాబట్టి. వేలంలో ధర పడిపోతే రైతు నాయకులు బస్సెక్కి గుంటూరు వెళ్లి చైర్మన్‌ను నిలదీయగలరు. హెడ్డాఫీసు దగ్గర్లో ఉండటంలో అసలు సుఖం అదే.

మరి మిర్చి? ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు గుంటూరులో ఉంది. సీజన్‌లో యార్డు గేటు దాటగానే కళ్లు మండుతాయి. తేజ, 334 రకాల మిర్చి టిక్కీల (బస్తాల) వరుసల మధ్య కమీషన్ వ్యాపారి గుప్పెడు కాయలు తీసి, తొడిమ విరిచి, రంగు చూసి ధర చెప్పేస్తాడు. దేశం ఎగుమతి చేసే సుగంధ ద్రవ్యాల్లో మొదటి స్థానం మిర్చిదే. కానీ స్పైసెస్ బోర్డు కొచ్చిలో ఉంది, ఎందుకంటే అది పాత ఏలకుల బోర్డు పునాది మీద 1987లో పుట్టింది. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలినప్పుడు యార్డుకు నాయకులు క్యూ కట్టారు. చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. స్పైసెస్ బోర్డు గుంటూరులో ఉన్నా ఆ ధర అది నిర్ణయించేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మిర్చి బోర్డు కావాలన్న డిమాండు పాతదే. దాని కన్నా గుంటూరులో ఇప్పటికే ఉన్న స్పైసెస్ బోర్డు పరీక్షా ల్యాబ్‌ను నాలుగింతలు చెయ్యమని అడగడం లాభసాటి అని నా అభిప్రాయం. సుడాన్ అనే కల్తీ రంగు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరీక్ష ఇక్కడే త్వరగా తేలితే ఎగుమతిదారు సరుకూ, గోదామూ, మనుషులూ ఇక్కడే ఉంటారు.

అడిగే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు బరిలో నిలిచారు. మొత్తం 185 మంది అభ్యర్థులకు ఈవీఎంలు సరిపెట్టలేక ఎన్నికల సంఘం తలపట్టుకుంది. 2025లో బోర్డు వచ్చింది, ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే పెట్టారు. మన దుగ్గిరాలలోనూ పసుపు యార్డు ఉంది. మనం ఏం చేశాం? పేపర్లో చదివాం.

ఇక మనకు వచ్చినవన్నీ రాష్ట్రానికి లాభమేనా అంటే, అదీ కాదు. 2025 మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులను కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు, ప్రధాన కార్యాలయం అమరావతి అన్నారు. మనకు మంచి వార్తే. కడపకు? ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు హెడ్డాఫీసు పోయింది. అక్కడివాళ్లు అభ్యంతరం చెబితే ఇక్కడ మనం రాజకీయం అని కొట్టిపారేశాం. హైదరాబాద్ మనకు చేసిందని ఇన్నాళ్లూ ఏడ్చినదే మనం కడపకు చేశాం. 2025 నవంబరు 28న అమరావతిలో 15 బ్యాంకులు, బీమా సంస్థల కార్యాలయాలకు నిర్మలా సీతారామన్ శంకుస్థాపన చేశారు. సంతోషమే, అయితే ఇవి రాష్ట్ర కార్యాలయాలు. పెద్ద అప్పు మీద చివరి సంతకం ఇంకా ముంబైలోనే పడుతుంది.

రేపు ఏ సంస్థ వచ్చినా ఒప్పందంలో నాలుగు మాటలు రాయించుకోవాలి. భూమి అమ్మకం కాదు, లీజు. రాయితీ ముందే కాదు, ఉద్యోగులు చేరిన కొద్దీ విడతలుగా. లెక్క హాజరు పట్టీ ప్రకారం కాదు, ఈ జిల్లాల్లో కాపురముంటున్నవాళ్ల ప్రకారం. గడువు తీరకముందే పోతే భూమి వెనక్కి. ఇన్ని షరతులు పెడితే ఎవరొస్తారని అధికారులు భయపెడతారు. అమెరికా ఆర్థికవేత్త టిమొతీ బార్టిక్ 2018లో వేసిన అంచనా ప్రకారం, ఇలాంటి రాయితీల వల్ల కంపెనీ నిర్ణయం నిజంగా మారేది 2 నుంచి 25 శాతం సందర్భాల్లోనే. మిగతావాళ్లు రాయితీ లేకపోయినా వచ్చేవాళ్లే. అలాంటప్పుడు షరతు పెట్టడానికి జంకెందుకు? కనీసం ఇచ్చిన భూమి ఎంత, ధర ఎంత, షరతులేమిటి అన్నది రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ వెబ్‌సైట్‌లో తెలుగులో ఒక పేజీ పెట్టొచ్చు. దానికి 99 పైసలు కూడా ఖర్చు కాదు.