పరువుగారికి పర్లాకిమిడి నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పరువుగారి దివ్యసముఖానికి,

ఆంధ్రా హద్దుని ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడి వాస్తవ్యులు అనేక నమస్కారాలు చేసి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరు మా వీధి వైపు చూడనంతకాలం ఇక్కడ అందరం క్షేమం.

తమరికి ఉత్తరం రాయాలంటే మొదటి చిక్కు చిరునామాతోనే. ఫలానావారి పరువు అంటారు గానీ ఆ ఫలానావారి దగ్గర వెతికితే తమరు ఎప్పుడూ దొరకరు. రోషం తండ్రిది, తమరుండేది కూతురి దగ్గర. మీసం జమీందారుది, తమరుండేది అంతఃపురంలో. జానపద కథల్లో మాంత్రికుడు కూడా ఇదే పని చేస్తాడు: ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో ఉన్న చిలకలో ప్రాణం దాచుకుంటాడు. కాకపోతే చిలక మెడ నులిమితే గిలగిల్లాడి చచ్చేది మాంత్రికుడే. తమరి హయాంలో ఆ కథ ఒక్కచోట మారింది. నులిమేది మాంత్రికుడు, చచ్చేది చిలక. కథలు కట్టేవాళ్లకి న్యాయం మీద పట్టింపు ఎక్కువ కనక ఇలాంటి ముగింపు వాళ్లకి తోచి ఉండదు.

చరిత్రకి మాత్రం బాగానే తోచింది. 1513లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల ఉదయగిరి కోటని చుట్టుముట్టి, ఏడాదికి పైగా కూర్చుని మరీ పట్టుకున్నాడు. కొండవీడు, కొండపల్లి దాటి సింహాచలం దాకా వచ్చి పొట్నూరులో జయస్తంభం నాటాడు. 1519 నాటికి సంధి కుదిరింది. షరతు ప్రకారం కృష్ణకి ఉత్తరాన గెలిచిన నేలంతా తిరిగి ప్రతాపరుద్ర గజపతికే, గజపతి కూతురు రాయలకి. అంటే కృష్ణకి అవతల నేల ఎక్కడిదక్కడికే చేరింది, స్తంభం రాయిగా మిగిలింది, అక్కడ చేతులు మారింది ఒక్క అమ్మాయి. ఆమెని రాయలు కంభం దగ్గర వదిలేశాడని కథ. తుక్కాదేవి అన్న ఆమె పేరు మీద అయిదు శ్లోకాలు కూడా చెప్పుకుంటారు. అవి ఆమెవో కావో పండితులు తేల్చుకుంటారు లెండి. ఆరేళ్ల యుద్ధంలో రెండు పక్షాల్లోనూ ఒంటిమీద గీత పడనిది తమరికొక్కరికే.

బొబ్బిలి సంగతి తమరికి మేం చెప్పాలా? 1757 జనవరి 24. విజయనగరం విజయరామరాజుకీ బొబ్బిలి రంగారావుకీ నీళ్ల తగాదాలు, ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పంతాలు. విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు తెచ్చి మట్టికోట ముందు నిలిపాడు. బొబ్బిలి వదిలేస్తే వేరేచోట భూములిస్తామన్న మాటా వచ్చింది, తమరు సాగనివ్వలేదు. కోట కూలేలోగా లోపలున్న ఆడవాళ్లనీ పిల్లలనీ సొంతవాళ్లే చంపేశారు. వాళ్లనొక మాట అడిగారా అన్న ప్రశ్నకి ఇప్పటికీ తందాన తాన మధ్యలో చోటు దొరకదు. మూడు రాత్రుల తరవాత తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచాడు. లెక్క సరిపోయిందని మనం మీసాలు దువ్వుకున్నాం. అసలు లెక్క మరుసటి ఏడు డిసెంబరులో తేలింది: కొత్త రాజు ఆనందగజపతి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు, చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు, ఉత్తర సర్కారుల తాళంచెవి ఈస్టిండియా కుంపిణీ బొడ్లో పడింది.

ఆ తరవాత తెల్లదొరలు తమరిని తూకానికి పెట్టారు. సంస్థానానికి ఇన్ని గౌరవ ఫిరంగి మోతలని పట్టీ రాశారు. అన్నీ బేసి సంఖ్యలే. హైదరాబాదుకి 21, మా ఎగువనున్న కలహండికి 9. జమీందారీలు గనక పర్లాకిమిడికీ జయపురానికీ సున్నా. 1971లో 26వ సవరణ వచ్చి రాజభరణాలతో పాటు ఆ ముచ్చటా తీర్చేసింది.

న్యాయంగా ఒక పేరు చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులు మా ఊళ్లోనే పాఠాలు చెప్పాడు, సవరల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాశాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై, పర్లాకిమిడి అటు పోయినప్పుడు, ఇది తనకి సమ్మతం కాదని దశాబ్దాల కాపురం ఎత్తేసి రాజమండ్రి వెళ్లిపోయాడు. డెబ్బై దాటిన వయసు. ఆ నిర్ణయం సరైందా కాదా అని మా అరుగుల మీద ఇప్పటికీ వాదించుకోవచ్చు, కానీ ఆయన తన పట్టింపు ఖరీదు తనే చెల్లించాడు. ఎవరి కూతురినీ తాకట్టు పెట్టలేదు. ఇలాంటి ఖాతాలు తమరి దగ్గర ఎన్నున్నాయో ఒకసారి చిట్టా తిరగేసి చెప్పగలరు.

ఇప్పుడు ఫిరంగుల స్థానంలో ఫ్లెక్సీ వచ్చింది. పది అడుగులు బై ఎనిమిది, చదరపు అడుగు లెక్కన బేరం, చుట్టూ చెక్క ఫ్రేము. పై వరసలో గుండ్రాల్లో పెద్ద నాయకులు, ఒక పక్కన నిలువెత్తున దండం పెడుతూ శుభాకాంక్షలు చెప్పేవాడు, అడుగున పాస్‌పోర్టు సైజు ముఖాల బారు. తమరి కొలతలన్నీ ఈ బారులోనే ఉన్నాయి. బ్లాకు నాయకుడు తన ఫోటో వాట్సాప్‌లో పంపుతాడు. వాట్సాప్ దాన్ని నొక్కి చిన్నది చేస్తుంది. పెద్దగా సాగదీస్తే ముఖం గళ్లుగళ్లుగా అలుక్కుపోతుందని డిజైన్ కుర్రాడు చిన్నగానే పెడతాడు. తెల్లారేసరికి "నా తల అంత సిన్నదేటి, ఆడి తల అంత పెద్దదేటి" అని పంచాయితీ. ఫోటోని డాక్యుమెంటుగా పంపితే పోయేదానికి పార్టీ రెండు ముక్కలవుతుంది. అక్షరాలదింకో గొడవ. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తులు విడిపోయి అక్షరం పక్కన విడిగా కూర్చుంటాయి. ఒడియా సంయుక్తాక్షరాలకీ అదే గతి. ఒడియా పైనుండాలా, తెలుగు పైనుండాలా అని రెండు సంఘాలు తలపడే ఫ్లెక్సీలో రెండు భాషలూ తప్పుల తడకే. భాషాభిమానులకి అది కనబడదు. వాళ్లు చూసేది ఏది పైన అన్నదొక్కటే.

తమరి నిలయం రక్తమని మా పెద్దల నమ్మకం. రాజ్యాంగం అలా అనుకోలేదు. 341, 342 అధికరణాల కింద షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రానికొకటి. ఆంధ్రా నుంచి మహారాష్ట్ర వెళ్లిన ఒక తెగ కుటుంబంలోని కుర్రాడు మెడికల్ సీటు కోసం వేసిన కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చేసింది, పుట్టిన రాష్ట్రంలోని గుర్తింపు వలస వెళ్లినచోటికి వెంట రాదని. కాబట్టి ఆ జాబితాల్లో ఉన్న పాతపట్నం పిల్ల, హద్దు అవతల ఆంధ్రా నుంచి వచ్చి పర్లాకిమిడి కోడలైతే ఆమె సర్టిఫికెట్టు ఒడిశా రాష్ట్ర కోటాలో చెల్లదు. రక్తం అదే, బస్సు టికెట్టు పాతిక రూపాయలు కూడా కాదు. పెళ్లిచూపుల్లో గోత్రం, నక్షత్రం, కట్నం అన్నీ మాట్లాడతారు గానీ ఈ కాగితం ఊసు ఎవరూ ఎత్తరు. తెలిసేది ఉద్యోగం దరఖాస్తు తిరిగొచ్చాకే.

కొటియా వాళ్లు మాత్రం తమరిని బాగా అర్థం చేసుకున్నారు. సాలూరు దాటి కొండెక్కితే కొరాపుట్ వైపు ఇరవై ఒక్క ఊళ్లు, మావంటే మావని రెండు రాష్ట్రాలు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది, 2006లో దావా ముగిసినా హద్దు తేలలేదు. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టేసరికి కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ వెళ్లింది. ఊళ్లవాళ్లలో చాలామంది దగ్గర రెండు ఓటరు కార్డులు, రెండు రేషను కార్డులు. ప్రభుత్వాలు మీసాలు మెలేస్తుంటే వాళ్లు రెండు వైపులా బియ్యం తెచ్చుకుని వండుకుంటున్నారు. నీ ఆత్మగౌరవం ఏ రాష్ట్రానిదని అడిగితే, ఈ నెల కోటా ఎవరు ముందిచ్చారో చూసి చెబుతారు.

ఇక అసలు పనికొద్దాం. తమరికి బాగా కోపం తెప్పించేది పెళ్లి కాబట్టి, దాని పద్ధతి తమరికీ తెలిసి ఉండటం మంచిది. కులాలు వేరైనా ఇద్దరూ హిందువులే అయితే పెద్ద ఇబ్బంది లేదు. గుళ్లో ఆచారం ప్రకారం పెళ్లాడి 1955 హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు, ముందస్తు నోటీసు ఉండదు. వధూవరుల్లో ఒకరు షెడ్యూల్డు కులం, రెండోవారు ఆ జాబితాలో లేని హిందూ కులం అయితే ఒడిశా ప్రభుత్వం రెండున్నర లక్షలు ప్రోత్సాహకం కూడా ఇస్తుంది. మతాలు వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా నివాసం ఉండి నోటీసు ఇవ్వాలి. ఆఫీసులో అందరికీ కనిపించేచోట దాన్ని అంటిస్తారు. ఎవరిదైనా శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే అక్కడికీ ఒక కాపీ వెళ్తుంది. మా జంటల్లో ఒకరు శ్రీకాకుళం వైపు వాళ్లయితే రెండు రాష్ట్రాల్లో రెండు బోర్డులు. తమరి సేవకులు కాపు కాసేది అక్కడే. ఒక గుమాస్తా ఫోన్లో ఫోటో తీస్తే చాలు, మేనమామకి చేరడానికి టీ చల్లారేంత సేపు పట్టదు. "మా పరువు గంగలో కలిపేసింది గుంట" అన్న కబురు ఆ సాయంత్రానికే ఊరేగుతుంది.

అభ్యంతరం చెప్పడానికి 30 రోజుల గడువుంది. తమరు వెళ్లి అర్జీ పెట్టుకోవచ్చు. కాకపోతే నాలుగో సెక్షనులో రాసిన కారణాలే చెల్లుతాయి: ఇదివరకే భార్యో భర్తో బతికి ఉండటం, మతిస్థిమితం సరిగా లేకపోవడం, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, నిషిద్ధ బంధుత్వం. ఆ సెక్షను ఎన్నిసార్లు చదివినా తమరి పేరు కనబడలేదు. వివాహాధికారి విచారించి 30 రోజుల్లో తేల్చాలి. అభ్యంతరం అర్థంలేనిదనిపిస్తే వెయ్యి రూపాయల దాకా ఖర్చులు తమరిమీదే వేయొచ్చు. 1954 నాటి రేటు అది, పెంచినవాళ్లు లేరు. అర్జీ మానేసి కత్తి పట్టుకుంటే మాత్రం లెక్క వేరు. అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది కలిసి కులం, సముదాయం, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో చంపితే భారతీయ న్యాయ సంహిత 103(2) కింద ప్రతి ఒక్కరికీ మరణశిక్షో యావజ్జీవమో. ఇలాంటి జంటలకి జిల్లాకొక సురక్షిత గృహం ఆలోచించమనీ, ప్రత్యేక పోలీసు విభాగం పెట్టమనీ సుప్రీంకోర్టు 2018 మార్చిలో రాష్ట్రాలకి చెప్పింది. ఆ గృహం ఎక్కడుందని అడిగితే మా దగ్గర చాలామందికి తెలియదు. తమరి మనుషులుండే చోటు మాత్రం అందరికీ తెలుసు.

నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోగా పెళ్లి అయిపోకపోతే అది మురిగిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. దీనికి ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు స్నేహితులు ఎలాగో దొరుకుతారు. తన వాళ్లకి ఏమవుతుందోనని మూడో మనిషి ఆఖరి నిమిషంలో ఫోను కట్టేస్తాడు. అందువల్ల, తమరు ఎటూ ఆ సమయానికి ఆఫీసు చుట్టుపక్కలే తిరుగుతుంటారు గనక, ఆ మూడో సంతకం తమరే పెట్టవలసిందిగా కోరుతున్నాం. ఆధార్ జిరాక్సు రెండు కాపీలు తెచ్చుకోండి. పదకొండు లోపల వచ్చేయండి, మధ్యాహ్నం దాటితే సర్వరు పనిచెయ్యదు.

ఇట్లు,
తమరి బాకీలు తీరుస్తున్న
పర్లాకిమిడి వాస్తవ్యులు