క్లారా లేచి నిలబడిన రాత్రి

అమెరికాకు కొత్తగా వచ్చిన మన తెలుగు పిల్లలకు మనం మొదట చెప్పే మాట, తల వంచుకుని పని చేసుకోమని, ఎవరితోనూ పేచీ పెట్టుకోవద్దని. మూడు నెలలుగా కన్సల్టెన్సీ వాళ్ళు జీతం ఇవ్వడం లేదని ఒక కుర్రవాడు ఫోన్ చేసి గొంతు పూడుకుపోతూ చెప్పినప్పుడు, నేను కూడా "వీసా ముఖ్యం కదా బాబూ, ఓర్చుకో" అన్నాను. ఆ సలహా ఇచ్చినందుకు ఈరోజు మనస్ఫూర్తిగా నొచ్చుకుంటున్నాను. నా అభిప్రాయం మార్చినది వందేళ్ళకు పైగా కిందట న్యూయార్క్‌లో సమ్మెకు పిలుపునిచ్చిన కుట్టు కార్మికురాలు క్లారా లెమ్లిచ్ జీవితం.

క్లారా 1886లో ఉక్రెయిన్‌లోని ఒక చిన్న ఊళ్ళో పేద యూదు కుటుంబంలో పుట్టింది. బడిలో యూదు పిల్లలను చేర్చుకోనందుకు నిరసనగా, ఇంట్లో రష్యన్ మాట వినిపించకూడదని తండ్రి కట్టడి చేశాడు. ఆమె మాత్రం కాజాలు కుట్టి, చదువురాని తల్లుల తరఫున అమెరికాలో ఉన్న పిల్లలకు ఉత్తరాలు రాసిపెట్టి, ఆ డబ్బుతో రష్యన్ పుస్తకాలు కొనుక్కుని దొంగచాటుగా చదువుకుంది. 1903లో నాటి రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ నగరంలో యూదుల ఊచకోత జరిగాక ఆ కుటుంబం న్యూయార్క్ దారి పట్టింది. క్లారా ఆడవాళ్ళ చొక్కాలు కుట్టే కార్ఖానాలో చేరింది.

ఆ కార్ఖానాల్లో ఆలస్యమైతే జరిమానా ఉండేది, సూదులకూ దారానికీ కూడా కూలిలో కోత పడేది. అక్కడి బతుకు గురించి ఆమె చెప్పిన సంగతుల్లో నా మనసును పట్టుకున్నది చాలా చిన్నది: యాభై సెంట్లు పెట్టి ఒక పిల్ల ముచ్చటగా కొత్త టోపీ కొనుక్కుంటే, దాన్ని భద్రంగా పెట్టుకునే చోటు లేక అది పాడైపోయేదట. కొత్త టోపీ మీద మాకు మాత్రం ఆశ ఉండదా అని ఆమె అడిగింది. అడగడం నేర్చిన మనిషి గనుకనే 1909 సెప్టెంబరులో కిరాయి రౌడీలు ఆమె పక్కటెముకలు ఆరు విరగ్గొట్టారు.

అదే ఏడాది నవంబరు 22 రాత్రి న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ హాలులో జరిగిన కార్మికుల సభలో పెద్దలు రెండు గంటలపాటు ఆచితూచి మాట్లాడుతూ ఉండగా, ఇరవై మూడేళ్ళ క్లారా వేదిక ఎక్కి, ఇక ఉపన్యాసాలు చాలని, సమ్మె ఇప్పుడే ప్రకటించాలని తన యిద్దిష్ భాషలోనే తీర్మానం పెట్టింది. మాట తప్పితే ఎత్తిన ఈ చెయ్యి ఎండిపోవాలని సభంతా ప్రమాణం చేసింది. ఇరవై వేల మందికి పైగా, అందులో ఎక్కువమంది ఆడపిల్లలే, పని మానేసి వీధుల్లోకి వచ్చారు.

1910 ఫిబ్రవరికి చాలా కార్ఖానాలు దిగివచ్చాయి గాని ట్రయాంగిల్ అనే చొక్కాల కంపెనీ కార్మికుల యూనియన్‌ను గుర్తించలేదు. 1911 మార్చి 25న, శనివారం, పని ముగిసే వేళ అక్కడ నిప్పంటుకుంది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. ఫైరింజన్ల నిచ్చెనలు ఆరో అంతస్తు దాటి అందలేదు. 146 మంది చనిపోయారు. యజమానులు ఆ డిసెంబరులోనే నిర్దోషులుగా బయటపడ్డారు. క్లారా పేరు అప్పటికే యజమానుల నల్లజాబితాకు ఎక్కడంతో ఏ కార్ఖానా ఆమెకు పని ఇవ్వలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత తిరిగి కుట్టుపనిలో చేరి, 1954లో విరమించాక, పెన్షన్ కోసం తన యూనియన్‌తోనే ఆమె చాలాకాలం పోరాడవలసి వచ్చింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆ అగ్నిప్రమాదాన్ని వీధిలో నిలబడి కళ్ళారా చూసినవారిలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ ఒకరు. ఆమె 1933లో అమెరికా కార్మికశాఖ మంత్రి అయ్యారు. ఆమె హయాంలో 1938లో వచ్చిన కనీస వేతన చట్టంతోనే, జీతం ఎగ్గొట్టినవారిపై ఫిర్యాదు తీసుకునే వేజ్ అండ్ అవర్ విభాగం ఏర్పడింది. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద వచ్చిన ఉద్యోగికి ప్రాజెక్టు లేక బెంచి మీద ఉన్న రోజులకు కూడా జీతం రాబట్టగలిగే కార్యాలయం ఈనాటికీ అదే. మన కుర్రవాడు తట్టవలసిన తలుపు అది. నేనేమో అటు వెళ్ళనివ్వలేదు.

అయితే ధైర్యం చేయమని పిల్లలకు చెప్పి మనం పక్కకు తప్పుకుంటే, క్లారాకు జరిగినదే వాళ్ళకూ జరుగుతుంది. గ్రీన్‌కార్డులు, పౌరసత్వాలు చేతిలో ఉన్నవాళ్ళం మనం. మన తెలుగు సంఘాల మహాసభల వేదిక అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత తీసి న్యాయసహాయ నిధి పెట్టాలి. ప్రతి సంఘంలోనూ వలస చట్టం, కార్మిక చట్టం తెలిసిన లాయరు ఒకరు ఈ పిల్లలకు ఫోనులో దొరకాలి. కేసు నడిచే నెలల్లో వాళ్ళ ఇంటి అద్దెకు మనం పూచీ పడాలి.

నిన్న ఆ కుర్రవాడికి నేనే ఫోన్ చేశాను. వేరే ఉద్యోగం దొరికిందట. "ఆ మూడు నెలల జీతం వదిలేసుకున్నానంకుల్, మీరు చెప్పినట్టే," అన్నాడు.