లెనార్డ్ మూడో స్థానమా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే శాన్ ఆంటోనియో స్పర్స్ టీమ్ ఆల్‌టైమ్ మేటి ఆటగాళ్లంటూ మీరిచ్చిన జాబితాలో టిమ్ డంకన్, డేవిడ్ రాబిన్సన్‌ల తర్వాత మూడో స్థానం కవాయ్ లెనార్డ్‌కిచ్చి, మను జినోబిలీని ఆరుకు తోసేశారు. లెక్కలే చూస్తే మీరన్నది కరెక్టే. 2014 ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), రెండుసార్లు ఉత్తమ డిఫెండర్. కానీ శాన్ ఆంటోనియో అభిమానిని అడిగి చూడండి! 2017-18లో గాయంతో 9 మ్యాచ్‌లే ఆడాడు, ఆ వేసవిలోనే టొరంటో టీమ్‌కు వెళ్లిపోయాడు. గాయాన్ని తప్పుపట్టను, కానీ ఒక టీమ్ చరిత్ర రాస్తున్నప్పుడు వెళ్లిన తీరు కూడా లెక్కలోకి రావాలి కదా.

జినోబిలీ కెరీర్ సగటు మ్యాచ్‌కు 13 పాయింట్ల పైచిలుకే. ఎందుకంటే ఏ టీమ్‌లోనైనా స్టార్టర్‌గా (మొదటి ఐదుగురిలో) ఆడగల మనిషి, కోచ్ పొపోవిచ్ అడిగితే ఏళ్ల తరబడి బెంచ్ మీద నుంచి సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు. 16 సీజన్లు, 4 టైటిళ్లు, అన్నీ ఒకే జెర్సీలో. ఆ త్యాగమే అతని అంకెల్ని తగ్గించింది, మీరేమో ఆ అంకెలతోనే అతన్ని కిందికి దించారు!

రాబిన్సన్ సంగతీ అంతే. 1995 ఎంవీపీ అయ్యుండి, డంకన్ వచ్చాక ఈగో లేకుండా పక్కకు జరిగి దారిచ్చాడు. 1999 టైటిల్ అలా వచ్చిందే. రెండో స్థానం అతనికే ఇచ్చారు, సంతోషం.

అలాగని క్యారెక్టర్ ఒక్కటే చాలదు, లేకపోతే జాబితా నిండా మంచివాళ్లే ఉంటారు. జార్జ్ గెర్విన్‌కు టైటిల్ లేదు గానీ 4 సార్లు ఎన్‌బీఏ స్కోరింగ్ చాంపియన్ (సీజన్ టాప్ స్కోరర్). అతన్ని ఏడో స్థానంలో చూసి నిజంగా ఒళ్లు మండింది. నా లెక్కలో మూడు జినోబిలీది, నాలుగు గెర్విన్‌ది. టోనీ పార్కర్, లెనార్డ్ ఆ తర్వాతే.