గోడమీది నంబరు, బండిమీది నంబరు

కడపలో మా బావగారింటి హాలులో, దేవుడి పటాలు ఉండవలసిన గోడమీద ప్రస్తుతం ముప్పైరెండు విదేశీ నంబర్ ప్లేట్లు వేలాడుతున్నాయి. వాటిలో ఒక్కటీ ఆయన వాహనానిది కాదు, ఆయన ఎక్కిన వాహనానిదీ కాదు, ఆ దేశాలలో ఏ ఒక్కదానికీ ఆయన పోయి ఎరుగరు. కువైట్‌లో చుట్టం లేని ఇల్లు మా ప్రాంతంలో అరుదు కనుక, మిగిలినవారంతా ఆ చుట్టాల చేత బంగారమూ ఖర్జూరాలూ సెంటుసీసాలూ తెప్పించుకుంటూ ఉంటే, ఈయన రేకు తెప్పించుకుంటున్నారు. పొరుగున పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో పుట్టిన కార్లు నంబరు లేకుండా విదేశాలకు పోతున్నాయి, అక్కడి నంబర్లు కారు లేకుండా మా బావగారింటికి వస్తున్నాయి. ఎగుమతి దిగుమతుల లెక్క ఇంత చక్కగా సరిపోయిన రంగం మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను.

ఈ వ్యసనాన్ని చులకన చేసేవారికి దీని వంశచరిత్ర తెలియదు. అమెరికాలో ఈ రేకులు పోగుచేసేవారికి 1954 నుంచి ఒక సంఘమే ఉంది. అంతకు చాలా ముందు, 1893లో, పారిస్ పోలీసులు ప్రతి మోటారు బండికీ యజమాని పేరూ చిరునామా రాసిన పలక ఉండాలని ఉత్తర్వు వేశారు. ఆ తరువాత లోకమంతా అంకెలలోకి మారిపోయినా, మన జిల్లావాసులు మాత్రం ఆ పారిస్ ఉత్తర్వును నేటికీ శిరసావహిస్తున్నారు. మన పలకమీద యజమాని కులం ఉంటుంది, అభిమాన నాయకుడి పేరు ఉంటుంది, ఫలానావారి తాలూకా అన్న ప్రకటన ఉంటుంది, కొడుకు పేరూ కూతురు పేరూ ఉంటాయి. ఇంకా చోటు మిగిలితే, చీమ తలకాయంత అక్షరాలలో, నంబరు కూడా ఉంటుంది.

బావగారు ఒక్కొక్క పలకనూ చూపించి ఉపన్యసించే తీరు వినదగినది. కెనడాలోని వాయవ్య ప్రాంతాలవారిది ధ్రువపు ఎలుగుబంటి ఆకారంలో ఉంటుంది. దానిని ఆయన బట్టతో తుడిచి, ఊది, మళ్లీ తుడుస్తారు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ పలకమీద ‘స్వేచ్ఛగా బతుకు, లేదా చావు’ అని ఉంటుంది. ఆ పలకలను తయారుచేసేది అక్కడి జైలులోని ఖైదీలు. ఆ నినాదం తనకు గిట్టదని ఒకాయన దానిని కప్పేస్తే శిక్ష పడింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది, 1977లో కోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది. నినాదం కప్పినందుకే అంత రభస జరిగిందంటే, చున్నీతోనో మాస్కుతోనో నంబరునే కప్పి కెమెరా ముందు నుంచి నిర్భయంగా పోయే మన యువతీయువకులు ఎంత స్వేచ్ఛాప్రియులో ఊహించుకోవచ్చు.

జపాన్‌లో 42తోనూ 49తోనూ ముగిసే నంబర్లు మామూలుగా ఇవ్వరు, ఆ అంకెల ఉచ్చారణ చావును స్ఫురింపజేస్తుందని. ఇది విని నాకు కన్నీళ్లు వచ్చాయి, ఎందుకంటే అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలని, ఎనిమిది వస్తే శని పట్టుకుంటుందని పట్టుబట్టే మనవారికి ప్రపంచంలో తోడు ఉన్నారని అప్పుడే తెలిసింది. చైనావారు ఆ ఎనిమిది కోసమే ఎగబడి డబ్బు పోస్తారట, శనికి అక్కడ బహుశా వీసా దొరకలేదు. దుబాయిలో 2023లో ‘పీ 7’ అనే పలక 5.5 కోట్ల దిర్హాములకు వేలంలో పోయింది, అంటే మన డబ్బులో నూట ఇరవై కోట్ల పైమాటే. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం బావగారి గొంతు పూడుకుపోతుంది, అక్క ముఖం మరోవైపు తిరుగుతుంది.

ఇన్ని దేశాల వైభవం మధ్య మన ఏపీ 04 లేకపోవడం ఎవరికీ లోటుగా తోచలేదు. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 అన్న వరుస వచ్చాక, కడప 04, అనంతపురం 02, కర్నూలు 21 కొత్త బండ్లకు రావడం ఆగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు తప్పనిసరైన హై సెక్యూరిటీ ప్లేట్లకు, ఒకసారి బిగిస్తే పగలగొడితే తప్ప ఊడని తాళాలు పెట్టారు. దొంగలకు అది ఎంత అడ్డమో తెలియదు గాని, సేకర్తలకు మాత్రం అశనిపాతం.

ఇలా అరుదైపోయిన మన పలక విలువను ముందుగా గుర్తించినవాడు ఒక జర్మనీ సేకర్త. హాంబర్గ్ పలక ఒకటి పంపి, బదులుగా ఏపీ 04 కావాలని అడిగాడు. బావగారు క్షణం ఆలోచించకుండా తమ పాత స్కూటరు వెనక ఉన్న పలకను రెండు మరలు విప్పి పంపించేశారు. ప్రస్తుతం ఆ స్కూటరు కియావారి ఎగుమతి కారులాగా నంబరు లేకుండానే తిరుగుతోంది.

నెల తరువాత జవాబు వచ్చింది. పలక అందిందని, చాలా సంతోషమని, అయితే అది సగానికి పైకి మడిచి ఉన్నందువల్ల చివరి రెండు అంకెలు కనబడటం లేదని, ఇది తపాలాలో జరిగిన నష్టమా, లేక ఆ ప్రాంతపు సంప్రదాయమా అని అతడు వినయంగా అడిగాడు. అంకెలన్నీ కనిపించే మరొక పలక పంపితే బెర్లిన్‌ది కూడా ఇస్తానన్నాడు.

నిన్న ఉదయం నుంచి బావగారు ఏడు రోడ్ల కూడలిలో గొడుగు వేసుకొని నిలబడి అటువంటి బండి కోసం చూస్తున్నారు. మధ్యాహ్నం భోజనం అక్కడికే పంపించాము.