విరుపుల కన్నా వ్యాయామమే నయం
గోల్ఫర్ల నడుం నొప్పికి కైరోప్రాక్టర్ (వెన్ను, కీళ్లను చేతులతో నొక్కి, విరిచి సరిచేసేవారు) దగ్గరికి వెళ్లమని మీ వ్యాసంలో రాశారు. నా విషయంలో అది సగమే నిజమైంది. డాలస్‌లో ఉంటాం. వారమంతా కుర్చీలో కూర్చుని, శనివారం గోల్ఫ్‌కి వెళ్లి వార్మప్ లేకుండా డ్రైవర్ (బంతిని దూరం కొట్టే పొడవాటి క్లబ్) ఊపేవాణ్ని. తొమ్మిదో హోల్‌కల్లా నడుం పట్టేసి, బంతి తీయాలంటే క్లబ్ ఊతం కావాల్సి వచ్చేది. నేను వెళ్లిన కైరోప్రాక్టర్ ఆవిడ వెన్ను టకటకా విరిచాక రెండు రోజులు హాయి, మళ్లీ మామూలే. అసలు మేలు చేసింది ఆవిడ నా తుంటి తిప్పించి చూడటం. అది బిగుసుకుపోతే క్లబ్ ఊపేటప్పటి మెలికంతా నడుం మీద పడుతుందట. ఇప్పుడు రోజూ పది నిమిషాలు తుంటి వదులయ్యే వ్యాయామాలే చేస్తున్నా. కాలు తిమ్మిరెక్కితే, బలం తగ్గితే మాత్రం ముందు డాక్టరుకే చూపించుకోవాలి, అది మీరు రాయలేదు. గోల్ఫ్ దిగ్గజం టైగర్ వుడ్స్ అంతటివాడికే 2017లో వెన్నెముక ఫ్యూజన్ (వెన్నుపూసలను కలిపేసే) ఆపరేషన్ తప్పలేదు. మెడ విరుస్తానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు లెండి.