పన్నెండు రోజులకే చెరిగిపోయే సాక్ష్యం

కొడుకును స్టేషన్‌కు తీసుకెళ్లారని తెలిసి పరుగున వచ్చిన తల్లిని సెంట్రీ గేటు దగ్గరే ఆపేస్తాడు. లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలిసే దారి లేదు. ఆ లోపలే, ఒక గదిలో బీరువా పక్కన, దుమ్ము పట్టిన నల్లటి పెట్టె ఉంటుంది. గోడల మీది కెమెరాల వైర్లన్నీ వచ్చి కలిసేది అందులోనే. దాని ముందు మిణుకుమనే పచ్చ లైటు ఒక్కటే ఆ తల్లి తరఫున లోపల ఉన్న సాక్షి. అది వెలుగుతోందా ఆరిపోయిందా అని ఆ రాత్రి ఎవరూ చూడరు. నెల పోయాక ఫుటేజీ కావాలని అడిగితే వచ్చే జవాబు మాత్రం పత్రికలు చదివేవారందరికీ తెలిసిందే: ఆ రోజు కెమెరాలు పనిచేయలేదు.

అలాంటి జవాబుకు తావే ఉండకూడదని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జస్టిస్ నారిమన్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏ కెమెరా ఎక్కడ ఉండాలో కూడా రాసిపెట్టింది. ప్రధాన ద్వారం, లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, డ్యూటీ ఆఫీసర్ గది, ఠాణా వెనక భాగం, మరుగుదొడ్ల బయట, ఇలా ఒక్క మూల కూడా వదల్లేదు. చీకట్లోనూ కనిపించాలి, మాటా రికార్డు కావాలి, కరెంటు లేని చోట సౌర విద్యుత్తయినా పెట్టాలి అంది. రికార్డు 18 నెలలు భద్రంగా ఉండాలి, అంత నిల్వ చేసే పరికరాలు దొరక్కపోతే ఏడాదికి మాత్రం తగ్గకూడదు అంది. ఐదేళ్లు తిరగకుండానే, 2025 సెప్టెంబరులో, అదే కోర్టు ఇదే విషయాన్ని తనంతట తాను మళ్లీ కేసుగా చేపట్టవలసి వచ్చింది. రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారన్న పత్రికా కథనం అందుకు కారణం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. న్యాయమూర్తులిచ్చిన ఆ 18 నెలలు ఎక్కడ జారిపోగలవో తెలియాలంటే తీర్పు ప్రతిని పక్కన పెట్టి టెండరు కాగితం చేతిలోకి తీసుకోవాలి. లెక్క కష్టమైందేమీ కాదు. ఓ మోస్తరు స్పష్టతతో, సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఒక్క కెమెరాకు రోజుకు దాదాపు 21.6 గిగాబైట్ల చోటు కావాలి. స్టేషన్‌లో 16 కెమెరాలుంటే రోజుకు 346 గిగాబైట్లు. 18 నెలలకు సుమారు 190 టెరాబైట్లు. ఇప్పుడు ఆ నల్లపెట్టెలో, చిన్న దుకాణానికో అపార్టుమెంటుకో సరిపోయే 4 టెరాబైట్ల డిస్కు ఒకటి పెట్టారనుకోండి. పన్నెండో రోజుకల్లా అది నిండిపోతుంది. ఆ తర్వాత పాత దాని మీద కొత్తది ఎక్కుతూ పోతుంది. ఎవరూ ఏదీ చెరిపేయనక్కర్లేదు, ఒక్క మీటా నొక్కనక్కర్లేదు. దెబ్బలు తిన్నవాడు రిమాండ్ నుంచి బెయిలు మీద బయటికొచ్చి, ఆసుపత్రిలో చూపించుకుని, వకీలును పట్టుకునేలోపు అతని సాక్ష్యం తనంతట తానే మాయమైపోతుంది. టెండరులో 'తగినంత నిల్వ' అని రాస్తే చాలు, ఇంత అన్యాయం జరగడానికి.

పోలీసు సంస్కరణ అనగానే మనకు 2006 నాటి ప్రకాశ్ సింగ్ తీర్పు, రాష్ట్ర భద్రతా కమిషన్, ఫిర్యాదుల అథారిటీ, డీజీపీల పదవీకాలం గుర్తొస్తాయి. అవన్నీ కావలసినవే. కానీ ఆ అథారిటీ ముందు నిలబడిన బాధితుడి చేతిలో ఏముంటుంది? ఫుటేజీ లేకపోతే అతని మాట ఒకవైపు, నలుగురు పోలీసుల మాట ఒకవైపు. అందుకే సాంకేతిక పరికరాలు అమ్మే కంపెనీలు సంస్కరణకు బయటివాళ్లు కావు. వాళ్లతో రాసుకునే ఒప్పందంలోని ఒక్కో వాక్యం సంస్కరణలో భాగమే. ప్రభుత్వాలు ఈ మాటను ఇంతవరకు పట్టించుకోలేదన్నదే మా బాధ.

ముందుగా డబ్బు చెల్లించే పద్ధతి మారాలి. పరికరం అందింది, బిగించారు అని సంతకం పడితే బిల్లు లేచే పద్ధతిలో, రెండో ఏడు కెమెరాకు సాలెగూడు పట్టినా సప్లయర్‌కు నష్టం లేదు. ఎన్ని కెమెరాలు బిగించారన్న లెక్క వదిలేసి, ఎన్ని గంటలు చెక్కుచెదరకుండా రికార్డయిందన్న దాన్ని బట్టి చెల్లించాలి. నిర్వహణ ఒప్పందానికి కేటాయింపు మొదటి రోజే ఉండాలి. నిజాయతీగా పనిచేయాలనుకునే సప్లయర్లకు ఇది మేలే చేస్తుంది. నేడు వాళ్ల పరిస్థితి దయనీయం. నాణ్యమైన డిస్కులతో ధర వేస్తే, అందరికన్నా తక్కువ ధర వేసినవారికే పని దక్కే ఎల్1 పోటీలో ఓడిపోతారు. తగ్గించి వేసి గెలిచినా, బిల్లు కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. సరుకు తగ్గించమని వాళ్లను నెట్టేది మన కొనుగోలు పద్ధతే. పనికి తగ్గ ధర ఇస్తాం, ఇన్ని రోజుల్లో చెల్లిస్తాం అని ప్రభుత్వం మాటిచ్చి నిలబెట్టుకుంటేనే గట్టిగా లెక్కడిగే హక్కు దానికి ఉంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. కెమెరా చెడిపోతే జిల్లా పర్యవేక్షణ కమిటీకి చెప్పవలసిన బాధ్యతను 2020 తీర్పు స్టేషన్ హౌస్ ఆఫీసర్ మీదే పెట్టింది. కెమెరా కన్ను ఎవరి మీద ఉందో, ఆ కన్ను మూసుకుపోయిందని చెప్పవలసిందీ ఆయనే. ఎంత నిక్కచ్చి అధికారికైనా ఇది పెట్టకూడని పరీక్ష. కెమెరా ఆగిన నిమిషంలోనే ఆ సంగతి యంత్రం నుంచే జిల్లా కమిటీకి, సప్లయర్‌కు, వీలైతే న్యాయసేవాధికార సంస్థకు ఒకేసారి చేరేలా ఒప్పందం రాయించవచ్చు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏది చూశారు, ఏది కాపీ చేశారు అన్న చిట్టా చెరపడానికి వీల్లేకుండా ఉండాలి. రికార్డు ప్రతి ఒకటి ఠాణా గోడల బయట ఉండాలి. పెట్టె పాడైందనో పిడుగు పడిందనో సాక్ష్యం పోకూడదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హ్యాష్ విలువతో, అంటే ఫైలుకు వేలిముద్రలాంటి అంకెతో, కూడిన ధ్రువపత్రం కావాలి. ఆ విలువను ఫుటేజీ కోర్టు అడిగినప్పుడు కాక, రికార్డయిన క్షణంలోనే కట్టి దాచేస్తే మధ్యలో ఎవరు వేలు పెట్టినా తెలిసిపోతుంది. ఈ ఏర్పాట్లకు అవసరమైన సాంకేతికత ఎప్పుడో వచ్చింది. మన టెండర్లు అడగడమే తరువాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. బ్రిటన్‌లో పోలీసులు, అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బంది మాట్లాడుకునే ఎయిర్‌వేవ్ రేడియో వ్యవస్థ మోటరోలా చేతిలో ఉంది. దాని బదులు తేవలసిన కొత్త నెట్‌వర్క్ ఏళ్ల తరబడి ఆలస్యమైంది. వేరే దారి లేక ప్రభుత్వం పాతదానికే కడుతూ పోయింది. పోటీ ఉంటే వచ్చే ధర కన్నా ఏటా సుమారు 20 కోట్ల పౌండ్లు ఎక్కువ వసూలు చేయగల స్థితిలో ఆ కంపెనీ ఉందని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2023లో తేల్చి, ధరకు పరిమితి విధించింది. ఒక్క కంపెనీ తాళంచెవికి అతుక్కుపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు. మన ఠాణాల ఫుటేజీ ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనైనా తెరుచుకునే రూపంలో ఉండాలి, ఒప్పందం ముగిసిన రోజున మొత్తం రికార్డు ప్రభుత్వానికి చేరాలి. కెమెరాలో దొంగదారులున్నాయేమో పరీక్షించాకే అమ్మాలన్న నిబంధనను కేంద్రం 2025 ఏప్రిల్ 9 నుంచి అమలు చేస్తోంది. మంచిదే. పరాయి దేశం చూపు నుంచి ఫుటేజీని కాపాడే ఆ శ్రద్ధ, మన ఠాణాలోనే అది చెరిగిపోకుండా చూడటంలోనూ కనిపించాలి.

వీధి కెమెరాలకున్న ఆదరణ లోపలి కెమెరాలకు లేదని చెప్పడానికి మేం వెనకాడం. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరల మీద నగరం వీధివీధీ కనిపిస్తుంది. పోలీసులు వాడే టీఎస్‌కాప్ యాప్‌తో ముఖాలు పోల్చి చూడటం తెలంగాణలో 2018 నుంచే ఉంది. దాన్ని సవాలు చేసిన పిటిషన్ మీద 2022 జనవరిలో హైకోర్టు నోటీసులిచ్చింది. కొత్త కెమెరాలతోపాటు ముఖ గుర్తింపును కూడా కట్టగట్టి అమ్మజూపే కంపెనీలకు, దానికంటూ ఒక చట్టం వచ్చేదాకా వద్దని చెప్పాలి. 2023 ఆరంభంలో మెదక్‌లో జరిగింది మరచిపోలేం. గొలుసు దొంగతనం కేసులో, కెమెరాలో కనబడిన మనిషి పోలికలున్నాయని ఒక దినకూలీని పట్టుకెళ్లారు. పోలీసులు కొట్టారని ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పి, ఆయన కన్నుమూశారు. హైకోర్టు దాన్ని తనంతట తాను విచారణకు తీసుకుంది. వీధిలో పట్టిన ఒక మసక బొమ్మ ఒక మనిషిని ఠాణాకు తీసుకెళ్లడానికి సరిపోయినప్పుడు, ఠాణాలో ఆయన గడిపిన ప్రతి నిమిషానికీ అంతకన్నా స్పష్టమైన రికార్డు చూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

ఠాణా ముందు పెద్ద బోర్డు పెట్టాలని కూడా 2020 తీర్పు చెప్పింది. ఇక్కడ కెమెరాలున్నాయని, హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కు, ఎస్పీకి ఫిర్యాదు చేయవచ్చని, ఫుటేజీ ఒక కనీస గడువు వరకు (బోర్డు విషయంలో తీర్పు చెప్పింది ఆరు నెలలకు తక్కువ కాకుండా అనే) ఉంటుందని, దాన్ని భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని ఇంగ్లిషు, హిందీలతోపాటు స్థానిక భాషలోనూ అందులో రాయాలి. రెండు తెలుగు రాష్ట్రాల హోంశాఖలను మేము కోరేది ఒకటే. ఆ బోర్డు మీద తెలుగులో ఇంకొక వరుస చేర్చండి: ఈ స్టేషన్‌లో నేటికి ఎన్ని రోజుల రికార్డు ఉంది, ఏ కెమెరా ఎప్పటి నుంచి ఆగింది. ఆ అంకెను ప్రతి నెలా సప్లయర్ సంతకంతో జిల్లా కమిటీ ధ్రువీకరించాలి. గేటు దగ్గర ఆగిపోయిన తల్లి కూడా దాన్ని చదువుకోగలగాలి.